తాళం: అబద్ధం

హెల్టర్‌మా రేవులో మంచుదారి కాపలా గది.
అందులో ఒకటే కంప్యూటరు. లినక్సు. వయసు పదకొండేళ్ళు.
పగలు నేను కూర్చుంటాను. రాత్రి ఎండెల్.

ఎండెల్ రెండు వేళ్ళతో పాస్‌వర్డ్ కొడతాడు,
కోడి గింజలు ఏరుకున్నట్టు.
కొట్టాక, ఎందుకు తెరిచాడో మర్చిపోతాడు.
మంచు మందం చూపే పేజీ నిన్నటి అంకె ఒళ్ళో పెట్టుకుని
కదలకుండా కూర్చుని ఉంటుంది.
అతను దాన్నే నమ్మి రిజిస్టరులో ఎక్కించేస్తాడు.

అందుకని ఒక స్క్రిప్టు రాశాను.
మొదట లాగిన్‌కి కట్టాను. పొరపాటు.
లాగిన్ అంటే రోజుకోసారి గడప దాటడం.
నాకు కావలసింది, కునుకు తీసిన తెర కళ్ళు విప్పే క్షణం.
రెండూ వేరని తెలియడానికి
రెండు సాయంత్రాలూ, మాడిన ఒక గిన్నె చేపల సూపూ ఖర్చయ్యాయి.

కంప్యూటరు లోపల ఒక బస్సు ఉంది.
చక్రాలుండవు, అరుపులే.
ప్రింటరు దొరికిందని ఒకరు, బ్యాటరీ తగ్గిందని ఒకరు.
ఆ గోలలో నా స్క్రిప్టు వెనక సీట్లో కూర్చుని
ఒక్క మాట కోసం చెవి ఒగ్గుతుంది.

తెర మూసుకుంటే ఆ మాట: నిజం.
తెరుచుకుంటే: అబద్ధం.

ఎవరు పెట్టారో ఈ పద్ధతి!
వెలుగొచ్చిందని చెప్పరట,
చీకటి అబద్ధమని చెబుతారట.
ఎండెల్‌తో అంటే గడ్డం గోక్కుని
"ఫిబ్రవరిలో మాకూ అంతేగా" అన్నాడు.

అబద్ధం వినబడగానే స్క్రిప్టు లేస్తుంది.
సముద్రం మీద పాతిన సెన్సరుని అడుగుతుంది, ఎంత అని.
వచ్చిన అంకెని తెర నడుమ పెద్దగా పెడుతుంది,
ఇరవై రెండు సెంటీమీటర్లకి దిగితే ఎర్రగా.
పోతూ పోతూ ఒక ఫైల్లో గంటా నిమిషమూ రాసి పోతుంది.
ఆ చివరిది ఊరికే పెట్టాను,
పని చేస్తోందో లేదో చూసుకుందామని.

మార్చి తొమ్మిది పొద్దున ఆ ఫైలు తెరిచాను.

రెండూ నాలుగు, ఇరవై ఆరు.
రెండూ ముప్ఫై ఒకటి, ఇరవై ఆరు.
రెండూ నలభై, ఇరవై అయిదు.
రెండూ నలభై మూడు. నలభై నాలుగు. నలభై ఆరు.
ఆ తర్వాత నిమిషానికోసారి.
తాళం వెయ్యడం, తియ్యడం. వెయ్యడం, తియ్యడం.
ప్రతిసారీ పధ్నాలుగు అక్షరాలు, ఆ రెండు వేళ్ళతో.
పేజీని రిఫ్రెష్ చెయ్యడం అతనికి రాదు.
తాళం తీస్తే కొత్త అంకె వస్తుందని మాత్రం తెలుసు.

రిజిస్టరు చూశాను.
రెండు గంటలకి అవతలి ఒడ్డు నుంచి పశువుల డాక్టరు హెల్మే
ప్రత్యేక అనుమతి మీద బయల్దేరింది.
ఇక్కడొక గుర్రం ఈనలేక అవస్థ పడుతోంది.
మంచు మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు, అదీ నియమం.
పగిలితే దూకాలి కదా.

ఫైల్లో మూడూ ఇరవై నుంచి నాలుగూ పది దాకా ఏమీ లేదు.
ఆ యాభై నిమిషాలూ తెర
నిజం, నిజం అనుకుంటూ ఒంటరిగా కూర్చుంది.
అతని బూట్ల జాడలు మెట్ల నుంచి గేటు దాకా ఉన్నాయి,
గేటు దాటి కొంచెం ముందుకి కూడా.

నాలుగూ యాభై రెండు, ఇరవై ఒకటి.
పక్కన పెన్సిలుతో: దారి మూశాను.

ఏమైందని అడిగాను.
టోపీ తలకి లాక్కుంటూ, "ఎర్రది, నుదుట తెలుపు" అన్నాడు.
పిల్ల గురించి అని నాకు అర్థమయ్యేసరికి
అతని కారు మలుపు తిరిగింది.

ఏప్రిల్లో సెన్సరు పీకేశారు.
అడిగే వరుసని నేను తీసెయ్యలేదు. బద్ధకం అనుకోండి.
నిన్న డ్యూటీ మారేటప్పుడు ఎండెల్ తాళం తీశాడు.
తెర నడుమ ఖాళీ డబ్బా ఒకటి వచ్చి నిలబడింది.
కళ్ళజోడు పైకి జరుపుకుని
దాన్ని తీరిగ్గా చదివాడు:
"నీళ్ళు."